నీళ్ళ కింది వాకిలి

మా ఊరు ప్రతి వేసవిలో బయటికి వచ్చేది. శివరాత్రి దాటిన దగ్గర నుంచి కృష్ణ వెనక్కి జరగడం మొదలుపెట్టేది. ముందుగా చేల గట్లు, తర్వాత ఎండి నల్లబడిన చింత మోడులు, ఆ తర్వాత పొలిమేరలోని మైసమ్మ గద్దె, చివరికి రోహిణి కార్తె దగ్గరపడే నాటికి మా వాడలోని ఇళ్ళ గోడల మొదళ్ళు ఒక్కొక్కటిగా నీళ్ళలోంచి లేచేవి. శ్రావణంలో ఎగువ నుంచి ఎర్రనీళ్ళు దిగగానే అన్నీ మళ్ళీ లోపలికి పోయేవి. సెలవులకు వచ్చి నాలుగు రోజులుండి పోయే చుట్టాన్ని పలకరించడానికి వెళ్ళినట్టు, మా ఇంటిల్లిపాదీ ఏడాదికొకసారి మా ఊరిని చూడడానికి వెళ్ళేవాళ్ళం.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికి మా నాయినకు ఇరవై ఏళ్ళు. ఎక్కడో నల్లమలలో, మా కంటికి ఆనని మలుపుల అవతల కడుతున్న డ్యాము నీళ్ళు మా దాకా వస్తాయని చెబితే ఊళ్ళో పెద్దలెవరూ నమ్మలేదట. ఏరు పల్లానికి పోతుంది గాని వెనక్కి ఎట్లా వస్తుందన్నది వాళ్ళ వాదన. నాకు ఇప్పటికీ ఆ వాదనలో పెద్ద తప్పేమీ కనబడదు. అయితే జలాశయం పూర్తి మట్టం 885 అడుగులని లెక్కగట్టారు. ఆ గీతకు కింద కొల్లాపూర్, అలంపూర్ వైపునా, అవతలి ఒడ్డున కర్నూలు వైపునా కలిపి నూరుకు పైగా ఊళ్ళు పడ్డాయి. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. నాకప్పుడు పదేళ్ళు.

మాది మట్టి మిద్దె. దర్వాజాలు, దూలాలు, దంతెలు విప్పి బండ్ల మీద వేసుకొని, ఆరు కిలోమీటర్ల దూరంలో మెరక మీద మాకు చూపించిన జాగాకు తరలించాం. విసుర్రాయి బండెక్కింది, కోళ్ళగంప బండెక్కింది, తులసికోట ఇటుకలు కూడా బండెక్కాయి. వాకిట్లో పాతిన రోలు మాత్రం మిగిలిపోయింది. నాయిన గడ్డపార పట్టుకొని దాన్ని పెళ్ళగించబోతే అవ్వ అడ్డుపడింది. "దాన్ని పీకితే వాకిలి గుంతపడ్తది కొడుకా. ఉండనీ, ఇంటికొకరు కావలి ఉండాలె గదా" అన్నది. ముంచడానికి వదిలిపోతున్న వాకిలి గుంతపడితే ఏమిటని ఆ రోజు ఎవరికీ అడగాలని తోచలేదు.

ఖాళీ చేసిన మూడో రోజున అవ్వ ఒక్కతే తిరిగి ఆ ఇంటికి వెళ్ళింది. నన్ను వెంట తీసుకుపోయింది కాబట్టి ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. కప్పు లేని ఇంటి గడప మీద కూర్చొని, చనిపోయిన మనిషిని తలుచుకున్నట్టుగా, ఆ ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళు, పురుళ్ళు, చావులు వరుసగా చెప్పుకుంటూ రాగం తీసి ఏడ్చింది. తర్వాత కొంగు ముడిలోంచి అన్నం ముద్ద తీసి మొండిగోడ మీద పెట్టింది. మూడొద్దులకు పిట్టకు పెట్టినట్టు పెట్టింది. కాకి వచ్చి ముట్టే దాకా మేమిద్దరం చింతచెట్టు కింద కూర్చున్నాం. కాకి ముట్టగానే చెంబులో నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కొని, "పా బిడ్డా, పొద్దుపోతుంది" అని లేచింది. ఆ ఇంటి గురించి అవ్వ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నీళ్ళు ఒక్కసారిగా రాలేదు. ఒక వానకాలం చేలకు వచ్చాయి, మరొక వానకాలం ఇళ్ళకు వచ్చాయి. ఆ తర్వాత వేసవి వేసవికీ ఊరు బయటపడడం మొదలైనప్పటి నుంచి, మా ఇంట్లో ఇద్దరు మనుషులు రెండు పనుల మీద అక్కడికి వెళ్ళేవారు. అవ్వ చేతిలో చీపురుకట్ట, చెంబు, పసుపు కుంకుమల పొట్లం ఉండేవి. రోట్లో నిండిన ఒండ్రును గోళ్ళతో గీకి తీసి, నీళ్ళు పోసి కడిగి, అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండడుగుల మేర చుట్టూ ఊడ్చి వచ్చేది. అక్కడ ఎంతసేపు ఉండాలో ఆమెకు ఒక లెక్క ఉండేది. అంతకు మించి ఉండేది కాదు. నాయిన చేతిలో కొలత టేపు ఉండేది. ఆయన గోడల మొదళ్ళ వెంబడి టేపు పరిచి, అటు చివర నన్ను పట్టుకొమ్మని, అంకెలు కాగితం మీద రాసుకునేవాడు. నిరుడు రాసిన అంకెలే మళ్ళీ రాసుకునేవాడు.

దానికి కారణం మా గొడ్ల కొట్టం. నష్టపరిహారం కోసం ఇళ్ళ కొలతలు తీసినప్పుడు ఇంటి వెనకనున్న కొట్టం లెక్కలోకి రాలేదు. అది మరిచిపోయి వదిలేశారో, ఆ రోజు కొలవడానికి వచ్చినవాళ్ళకు పొద్దు చాలలేదో తెలియదు. అడిగితే అక్కడ కొట్టమన్నదే లేదని కాగితం వచ్చింది. ఆ కాగితంతో మొదలైన ఫైలు ఒక గుడ్డసంచి నిండింది. నాయిన ఆ సంచి భుజాన వేసుకొని ఎన్ని బస్సులెక్కాడో, ఎన్ని మెట్లెక్కి దిగాడో లెక్క లేదు. ముంపు కుటుంబానికొక ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చాక, తమ్ముడి పేరుతో ఇంకొక కట్ట ఆ సంచిలో చేరింది. తమ్ముడికి ఉద్యోగం వయసు వచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, జీపు కొనుక్కొని నడుపుకున్నాడు. దరఖాస్తు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నాయినకు ఇంకొక బాధ కూడా ఉండేది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. సోమశిల గుడిని కూడా ముంపు నుంచి ఒడ్డు మీదికి ఎక్కించారు. ఎప్పుడో చాళుక్యుల కాలపు రాళ్ళు వరుస తప్పకుండా వచ్చి కుదురుకున్నాయి. నాయిన భక్తుడే, ఆ పనిని తప్పుపట్టేవాడు కాదు. కాని అలంపూర్ వెళ్ళినప్పుడల్లా ఆ గోడ మీద చెయ్యి వేసి, "దేవుని రాళ్ళకు నంబర్లేసి మోసిండ్రు. మన కొట్టం లెక్కల్నే లేదాయె" అనేవాడు. అవ్వ పక్కనే ఉంటే, "దేవునికి పోవడానికి ఇంకో ఊరు లేదు కొడుకా, మనకున్నది" అని కొంగుతో మొహం తుడుచుకొని నడిచేది.

అవ్వ నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది. పాలు విరిగినా, బర్రె తప్పిపోయినా, పిల్లలు పరీక్ష తప్పినా "పుట్టేం మునగలే గదా" అనేది. తెలుగువాళ్ళందరూ అనే మాటే అయినా, మా ఊళ్ళో దానికి బరువెక్కువ. వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టిలో కూర్చొనే మేము కృష్ణ దాటి అవతలి ఒడ్డు చుట్టాల ఇళ్ళకు పోయేవాళ్ళం. పుట్టి మునగడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఊరే మునిగాక కూడా అవ్వ ఆ మాట మానలేదు. ఒకసారి నాయిన చిరాకుపడి, "ఊరే మునిగె, ఇంకా పుట్టేంది నీ బొంద" అన్నాడు. అవ్వ పడీ పడీ నవ్వింది. "ఊరు మునిగినా మనం ఒడ్డుకే ఉన్నం గదరా" అన్నది.

ఆమెది తెలివితక్కువతనమో, తప్పుకుపోయే గుణమో అనుకుంటే పొరపాటు. పరిహారం డబ్బులు చేతికి వచ్చిన రోజు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టించి, చిరిగిన నోటొకటి మార్పించుకొని గాని అవ్వ వేలిముద్ర వేయలేదు. రావలసింది అడగడంలో ఆమెకు మొహమాటం లేదు. అడిగినా రానిదాన్ని మంచం పక్కన పెట్టుకొని పడుకోవడమే ఆమెకు చేతకాదు. మెరక ఊళ్ళవాళ్ళు కొందరు మాతో, పోయిందేదో పోయింది, మరిచిపోండని తేలికగా చెప్పేవారు. ఆ మాట నాకు ఎన్నడూ నచ్చలేదు. తనది కానిదాన్ని మరిచిపొమ్మని చెప్పడానికి ఖర్చేముంది? పైగా మా పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములకూ కాలువలకూ మట్టి మోశారు. మా కళ్ళ ముందరి నీళ్ళు మాత్రం చాలా ఏళ్ళు మా చేలకెక్కలేదు. కొల్లాపూర్ దగ్గర మోటార్లు పెట్టి కల్వకుర్తి వైపు ఎత్తిపోయడం ఎంతో ఆలస్యంగా మొదలైంది. అవ్వ దేన్నీ మరిచిపోలేదు. రోలు ఏ దిక్కున ఉందో, పసుల బావి మెట్లెన్నో, ఎవరి ఇంటి ముందు ఏ చెట్టుండేదో చివరి దాకా చెప్పగలిగేది. కాకపోతే చెప్పేటప్పుడు ఆమె గొంతులో దుఃఖం ఉండేది కాదు, చిన్ననాటి ఆటలు చెప్పే మనిషి గొంతు ఉండేది.

బతుకమ్మ పండుగ నాడు అది ఇంకా బాగా కనబడేది. పండుగ నాటికి జలాశయం నిండి కొత్త ఊరి కింది దాకా వచ్చి నిలబడి ఉంటుంది. తంగేడు, గునుగు, బంతి పూలు వరుసలుగా పేర్చిన బతుకమ్మలను ఆడినంతసేపూ ఆడి, చీకటి పడ్డాక నీళ్ళలో వదిలేవాళ్ళం. గాలి కొంచెం లోపలికి తోసేది. అవ్వ అంచున నిలబడి, వేలు చాపి, "అగో, అది మన కందిచేను దాటింది. ఇగ మాలోళ్ళ బావి. ఇగ మన వాకిలి మీదికి వస్తది" అని దారి చెప్పేది. నల్లటి నీళ్ళ మీద పూలకుప్ప ఒకటి కదలడమే మాకు కనబడేది. ఆమెకు మాత్రం మా ఆడబిడ్డ ఎవరో వీధి వెంట నడిచి పుట్టింటికి పోతున్నట్టే ఉండేది.

మాకు కాలం పుష్కరాలతో గుర్తుంటుంది. 1980 పుష్కరాలు మా పాత ఊరి రేవులోనే చేశాం. మరుసటి ఏడు ఊరే లేదు. 1992లో అవ్వ కొత్త ఒడ్డున మూడు మునకలు వేసి, "ఈ నీళ్ళల్ల మన ఇంటి మట్టి గూడ ఉంటది, మంచిదే" అన్నది. 1999లో పోయింది. పోయే నెల ముందు కూడా ఎడ్లబండి కట్టించుకొని వెళ్ళి రోలు కడిగి వచ్చింది.

2004 పుష్కరాలకు సోమశిల రేవుకు వెళ్ళాం. అవ్వకు పిండం పెట్టి, తడిబట్టలతోనే మెట్లెక్కుతూ నాయిన ఎవరో తెలిసిన గుమాస్తా కనబడగానే కొట్టం కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. నాకు కోపం ఆగలేదు. అప్పటికి నేను బడిలో పంతులమ్మగా చేరి పదేళ్ళు; నాయిన తిరుగుళ్ళకు పోయిన డబ్బు వల్లనే నా చదువు రెండేళ్ళు ఆగిందన్న మంట లోపల ఉండనే ఉంది. "చాలు నాయినా. ఆ బస్సు చార్జీలు పెడితే నాలుగు కొట్టాలు కట్టుకునేటోళ్ళం" అన్నాను, పదిమందిలోనే. ఆయన గుమాస్తాను పంపించేసి నా వైపు తిరిగాడు. "పైసల కోసమనుకుంటున్నవా బిడ్డా? ఉన్నదాన్ని లేదన్నరు. నేను నా చేతులతోని పదకొండు దంతెలేసి కప్పిన. లేదన్నరు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా నేను నీళ్ళతో రాజీపడిపోయాను, అవ్వలాగా, అని గొప్పగా అనుకుంటూ వచ్చాను. నాకు పెద్దగా పోయిందేముంది గనుక రాజీపడడానికి? పదేళ్ళ పిల్లకు కొత్త ఊరైనా ఊరే. నేను నిజంగా మార్చాలని పట్టుబట్టింది మా నాయినను. నీళ్ళను వెనక్కి పొమ్మని ఆయన అడగడం ఎంత పనో, సంచి దించమని నేను ఆయన్ను అడగడమూ అంతే పని. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ గుడ్డసంచి అడిగి తీసుకున్నాను. చింపేస్తానేమోనని అమ్మ భయపడింది. రెండు రోజులు కూర్చొని కాగితాలన్నీ తారీఖుల వారీగా సర్ది, ట్యాగులు వేసి, పైన వరుస నంబర్లు రాసి ఇచ్చాను. నాయిన ఒక్కొక్క కాగితం తిప్పి చూసి, "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు. ఆ తర్వాత ఆయన ప్రయాణాల గురించి నేను ఎన్నడూ మాట అనలేదు. ఆశ్చర్యంగా ఆయన కూడా నా దగ్గర కొట్టం మాట తగ్గించాడు.

నాయినకు అంకెలంటే నమ్మకం. 885 అన్న అంకె మీద ఆయనకు దేవుడి మీద ఉన్నంత గురి ఉండేది. తన ఇంటిని ముంచింది ఆ అంకె, తన కొత్త ఇంటిని కాపాడేదీ ఆ అంకే. 2009 అక్టోబర్ 2న అది తప్పింది. జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. కర్నూలు మునిగింది, గోడ కట్టి కాపాడుకున్న అలంపూర్ మునిగింది, నీటిమట్టం ఆ 885ను దాటిపోయి మా కొత్త ఊరి కింది వాడలోకి వచ్చింది. నాయిన కందిలి పట్టుకొని రాత్రంతా అంచున నిలబడ్డాడు. "885 అన్నరు గదా" అని తమ్ముడితో రెండు మూడుసార్లు అన్నాడట. తెల్లవారి నీళ్ళు ఆగాయి. ఆయన ఇంటికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా రెండు పూటలు పడుకున్నాడు.

మరుసటి వేసవి, 2010లో, నాయినే నన్ను పిలిపించాడు. అవ్వ పోయాక రోలు కడిగేవాళ్ళు లేరని, ఈసారి పోదామని అన్నాడు. టేపు, గడ్డపార, గుడ్డసంచి, చెంబు, పసుపు కుంకుమ అన్నీ తీసుకొని తమ్ముడి జీపులో బయలుదేరాం. దిగి చూస్తే ఊరు లేదు. ఎక్కడి వరకు చూసినా చదునుగా పరుచుకొని, ఎండకు పెంకుల్లాగా పగిలిన ఒండ్రు మాత్రమే ఉంది. మొదట్లో 308 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల తర్వాతి సర్వేలలో 216 దగ్గరికి పడిపోయిందని చదివినప్పుడు నాకది ఒక లెక్కలాగే ఉండేది. ఆ పూడిక ఇదేనని, మా గోడల మొదళ్ళూ మా రోలూ దాని కిందనే ఉన్నాయని ఆ రోజు తెలిసింది.

మైసమ్మ గద్దె కొన జానెడు పైకి కనబడుతుంటే నాయిన అక్కడ నిలబడి సంచిలోంచి పాత గీత కాగితం తీశాడు. ఇన్నేళ్ళలో ఆ కాగితం నిజంగా పనికొచ్చింది ఆ ఒక్క రోజే. నేను టేపు చివర పట్టుకున్నాను. గద్దె నుంచి తూర్పుకు, అక్కడి నుంచి ఉత్తరానికి కొలుచుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాం. అక్కడ దోసతీగలు పరుచుకొని ఉన్నాయి. నీళ్ళు వెనక్కి జరిగిన కొద్దీ ఆ తడి ఒండ్రులో ఎవరెవరో వచ్చి విత్తనాలు వేసుకోవడం అక్కడ మామూలే. పసుపు పూలు, ఆకుల చాటున చారల కాయలు. చేనులోంచి ఒకతను గబగబా వచ్చాడు. టేపునూ కాగితాన్నీ చూసి అతని మొహం వాడిపోయింది. "సర్కారోళ్ళా సారూ? ఇంకో ఇరవై దినాలల్ల తెంపుకొని పోతం" అన్నాడు.

నాయిన చేతిలోని టేపు వైపు చూసుకున్నాడు. గిర్రున లోపలికి చుట్టి, జేబులో వేసుకున్నాడు. "కాదు కాదు, సర్కారోళ్ళం కాదు. ఊరికే చూసిపోదామని వచ్చినం" అన్నాడు. ఇది మా ఇల్లని చెప్పలేదు. గడ్డపార జీపులోంచి దించనే లేదు. నేను చెంబులో నీళ్ళు ఒక తీగ మొదట్లో పోసి, పసుపు కుంకుమ అక్కడే చల్లాను. ఆ మనిషికి వింతగా అనిపించి ఉంటుంది గాని ఏమీ అడగలేదు. "నీళ్ళొస్తే చేను పోతది గదా" అని నాయిన అడిగాడు. "వస్తే పోతది. మళ్ళ బయటపడితే మళ్ళ పెడ్తం" అని అతను అరడజను కాయలు తెంపి ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

వాయిదాలకు నాయిన ఆ తర్వాత కూడా వెళ్ళాడు. 2018లో ఆయన పోయే నాటికి కూడా కొట్టం ఏ కాగితంలోకీ ఎక్కలేదు. అయితే ఆ రోజు దోసకాయలు పెట్టుకోవడానికి వేరే సంచి లేకపోతే, ఆయన గుడ్డసంచిలోంచి కాగితాల కట్ట తీసి నా చేతికిచ్చి, సంచిలో కాయలు వేసుకున్నాడు. దారి పొడవునా సంచి ఒళ్ళో పెట్టుకొని బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి చేరాక అమ్మ ముందు సంచి దించి, "మన ఇంట్ల పండినయి" అన్నాడు. అమ్మ ఆయన వైపోసారి, నా వైపోసారి చూసి, కత్తిపీట వాల్చుకొని కూర్చుంది. కాయకు అంటిన ఒండ్రు కొంగుతో తుడిచి, నిలువునా రెండు చెక్కలు చేసి, దోసకాయ కోసినప్పుడు ఎప్పుడూ చేసేదే కనుక, చిన్న ముక్క నోట్లో వేసుకొని చేదున్నదేమో చూసింది.

"ఎట్లున్నది?" అన్నాడు నాయిన.

"మంచిగనే ఉన్నది. పప్పుల వేస్త" అన్నది అమ్మ.